గోడల కన్నా కిటికీలే ఎక్కువ!

ఇల్లు ఎవరు కట్టించారని అడిగితే మగవాళ్ల పేరే చెప్పడం అలవాటు. పునాది తవ్విన రోజు నుంచి గృహప్రవేశం దాకా మేస్త్రీల వెంట తిరిగింది, సిమెంటు బస్తాల లెక్క చూసింది, వంటింటి గట్టు ఎత్తు దగ్గర పోట్లాడింది ఇంటావిడే కావచ్చు. గేటు పక్కన పలక మీద మాత్రం ఆయన పేరే ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఓ పెద్ద భవనం ఉంది. దాని మీద కట్టించినావిడ పేరు తప్ప ఇంకెవరి పేరూ లేదు. అదీ గేటు పక్కన చిన్న పలక మీద కాదు... ఆరు బురుజుల నెత్తిన, మనిషంత పెద్ద రాతి అక్షరాల్లో!

ఆ భవనం పేరు హార్డ్‌విక్ హాల్. డెర్బీషైర్‌లో ఒక గుట్ట మీద ఉంటుంది. లండన్ నుంచి ఉత్తరానికి వెళ్లే ఎం-1 రహదారి మీద నుంచి కూడా కనిపిస్తుంది. పిట్టగోడల మీద ఆకాశంలోకి నిలబడి ఉన్న రెండు అక్షరాలు 'ఇ', 'ఎస్'. అంటే ఎలిజబెత్ ష్రూస్‌బరీ. వాటి మీద కౌంటెస్ హోదాకు గుర్తుగా చిన్న కిరీటం. లోకం ఆమెను పిలిచే పేరు మాత్రం 'బెస్ ఆఫ్ హార్డ్‌విక్'. ఇది 1590లో మొదలై 1597లో ఆమె అడుగుపెట్టిన ఇల్లు. అప్పటికి ఆమె వయసు డెబ్భై దాటిందో, దాటబోతోందో! ఆ కాలంలో ఆడపిల్ల పుట్టిన తేదీ రాసిపెట్టుకునే ఓపిక ఎవరికుంది గనక...

ఈ ఇంటిని చూడడానికి వచ్చేవాళ్లు ముందు కిటికీల గురించి మాట్లాడతారు. కానీ కిటికీల కన్నా ముందు ఆ రెండు అక్షరాల సంగతి తెలుసుకోవాలి. అవి అక్కడికి ఎక్కడానికి ఒక జీవితకాలం పట్టింది.

నాలుగు పెళ్లిళ్లు, ఒక ఇల్లు

బెస్ పుట్టింది ఇదే గుట్ట మీద, ఓ మాదిరి భూస్వామి ఇంట్లో. పసితనంలోనే తండ్రి పోయాడు. మగపిల్లవాడు మైనరు కావడంతో, అప్పటి చట్టం ప్రకారం ఆస్తిలో పెద్ద భాగం రాజుగారి అధీనంలోకి వెళ్లిపోయింది. భూమి ఉండీ చేతికి రాని ఇంట్లో పెరిగిందన్నమాట. చిన్నతనంలోనే రాబర్ట్ బార్లీ అనే కుర్రవాడితో పెళ్లి జరిగింది. 1544లో అతను చనిపోయాడు. భర్త ఆస్తి రాబడిలో వితంతువుకు మూడో వంతు రావాలి. అత్తవారి తరఫువాళ్లు ఇవ్వలేదు. ఆ పిల్ల ఊరుకోకుండా కోర్టుకెక్కి సాధించుకుంది. తర్వాత జీవితమంతా ఆమె చేసిన పని ఇదే... తనకు రావాల్సింది వదులుకోకపోవడం.

1547లో సర్ విలియం కావెండిష్‌తో పెళ్లయింది. ఎనిమిదిమంది పిల్లలు, ఆరుగురు దక్కారు. ఇద్దరూ కలిసి డెర్బీషైర్‌లోనే చాట్స్‌వర్త్ కొని భవనం కట్టడం మొదలుపెట్టారు. ఆయన 1557లో ఖజానాకు బాకీలు మిగిల్చి పోయాడు. మూడో భర్త సర్ విలియం సెయింట్ లో తన ఆస్తి భార్యకే రాసి కన్నుమూశాడు. నాలుగో ఆయన ష్రూస్‌బరీ ఎర్ల్ జార్జ్ టాల్బట్, దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడు. ఆ పెళ్లి సమయంలోనే ఆయన కొడుక్కి తన కూతుర్ని, తన కొడుక్కి ఆయన కూతుర్ని ఇచ్చి చేసింది. ఒకేసారి మూడు ముళ్లు పడ్డాయనుకోండి, లెక్క సరిపోతుంది!

అప్పటి ఇంగ్లండ్ చట్టంలో పెళ్లయిన స్త్రీకి విడిగా ఆస్తి అంటూ ఉండదు. ఆమెది ఏదైనా భర్తదే. భర్త పోతేనే ఆమె సొంత మనిషి. ఇదెంత నిజమో బెస్‌కు నాలుగో పెళ్లిలో తెలిసొచ్చింది. ఎలిజబెత్ రాణి తన చేతికి చిక్కిన స్కాట్లండ్ రాణి మేరీని 1569 నుంచి పదిహేనేళ్ల పాటు ష్రూస్‌బరీ కాపలాలో ఉంచింది. ఆ ఖర్చు, ఆ బెంగ, ఆ అనుమానాల మధ్య భార్యాభర్తలు ఎడముఖం పెడముఖం అయ్యారు. తన చెమట ధారపోసి కట్టుకున్న చాట్స్‌వర్త్ నుంచి 1584లో బెస్ బయటికి రావాల్సి వచ్చింది. ఎక్కడికి వెళ్తుంది? పుట్టింటికే వచ్చింది. అప్పుల పాలైన అన్నదమ్ముడు పోయాక ఆ హార్డ్‌విక్ ఎస్టేట్‌ను 1583లో కొన్నారు. అదీ తన పేరిట కాదు, కొడుకు విలియం పేరిట. భర్త బతికుండగా తన పేరిట కొంటే అది భర్తదే అవుతుంది కదా!

పుట్టింటి పాత ఇంటినే పెంచి, గదులు కలిపి, అంతస్తులు లేపి పెద్దది చేయడం మొదలుపెట్టింది. 1590లో ష్రూస్‌బరీ చనిపోయాడు. వితంతువు వాటాతో బెస్ ఎలిజబెత్ రాణి తర్వాత దేశంలో అంత ధనవంతురాలైన ఆడది లేదనిపించుకుంది. పాత ఇంటి పని ఇంకా పూర్తి కానేలేదు... దానికి కూతవేటు దూరంలో కొత్త ఇంటికి పునాది వేయించింది. ఇప్పటికీ ఆ గుట్ట మీద రెండూ ఉన్నాయి. పాతది కప్పు లేని మొండిగోడలుగా, కొత్తది చెక్కుచెదరకుండా.

ఎందుకన్ని అద్దాలు?

"హార్డ్‌విక్ హాలంటే గోడ కన్నా గాజే ఎక్కువ" అని ఆ చుట్టుపక్కల జనం ప్రాస కట్టి చెప్పుకుంటారు. నిజమే. పడమటి వైపు నుంచి చూస్తే భవనమంతా కిటికీలే. రాతి కమ్మీల మధ్య వరసలు వరసలుగా గాజు. సాయంత్రం ఎండ పడితే ఇల్లంతా నిప్పంటుకున్నట్టు మెరుస్తుంది.

ఇవాళ మనకు గాజు ఏపాటి వస్తువు? ఆ రోజుల్లో అలా కాదు. పెద్ద పలకలుగా గాజు తయారుచేయడం చేతకాదు. చిన్న చిన్న ముక్కలు చేసి, సీసం పట్టీల్లో బిగించి, ఆ చట్రాన్ని ఇనుప కడ్డీలకు కట్టి కిటికీ నింపాలి. సామాన్యుల ఇళ్లలో కిటికీకి చెక్క తలుపో, నూనె పట్టించిన గుడ్డో ఉండేది. అలాంటప్పుడు మూడంతస్తుల నిండా గాజు బిగించడమంటే డబ్బును గోడకు అంటించి ఊరందరికీ చూపించడమే. అయితే బెస్ దుబారా మనిషి కాదు. ఆమెకు సొంత గాజు కొలిమి ఉంది. రాయి తన గుట్ట పక్కనే తవ్వించింది. సున్నం, కలప, సీసం చాలామటుకు సొంత భూముల నుంచే వచ్చాయి. పద్దు పుస్తకాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. లెక్క చూసి పేజీ పేజీకీ ఆమె పెట్టిన సంతకాలు కనిపిస్తాయి.

ఇంకో విశేషం ఉంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ కిటికీలు చిన్నవవుతాయి కదా... ఇక్కడ తిరగేసి! కింది అంతస్తు కిటికీల కన్నా మధ్య అంతస్తువి పొడవు. వాటి కన్నా పై అంతస్తువి ఇంకా పొడవు. కారణం తెలిస్తే ఆ ఇంటి నడక మొత్తం అర్థమవుతుంది. కింద వంటిల్లు, నౌకర్ల గదులు. మధ్యలో ఇంటివాళ్ల కాపురం. పైన రాజలాంఛనాల గదులు... రాణిగారే వస్తే ఉండడానికి. హోదా పెరిగేకొద్దీ కప్పు ఎత్తు పెరిగింది, కప్పుతో పాటు కిటికీ పెరిగింది. బయట నుంచి చూసిన మనిషికి ఎవరు ఎక్కడుంటారో కిటికీలే చెబుతాయి. (ఇంతా చేస్తే ఎలిజబెత్ రాణి ఆ ఇంటికి ఒక్కసారీ రాలేదు. 1603లో పోయింది.)

అన్ని కిటికీలూ నిజం కిటికీలు కావు. ఈ మాట తెలిసినప్పుడు కొంచెం నవ్వొస్తుంది. బయటికి అన్ని వైపులా సమానంగా కనిపించాలని పట్టుబట్టారు. లోపల పొగగొట్టం అడ్డొచ్చిన చోట, గోడ వచ్చిన చోట కూడా బయట గాజు బిగించేశారు. వెనక ఉన్నది ఉత్త గోడే! కొన్నిచోట్ల బయటికి ఒకే కిటికీలా కనిపించే దాని వెనక లోపల రెండు అంతస్తులున్నాయి. ముఖం తీరు కోసం లోపలి సౌకర్యాన్ని అటూ ఇటూ సర్దిన ఇల్లు ఇది. పొగగొట్టాలను చాలావరకు మధ్య గోడల్లోకి తోసేయడం వల్లే బయటి గోడలకు అన్ని కిటికీలు పెట్టడం కుదిరింది. ఆ తెలివిని మాత్రం మెచ్చుకోవాలి.

ఇంత గాజు పెడితే చలి మాటేమిటి? ఆ ప్రశ్న మనకే కాదు, బెస్‌కూ వచ్చినట్టుంది. 1601లో ఆమె ఇంట్లోని ప్రతి వస్తువుకూ జాబితా రాయించింది. అందులో ఆమె పడకగది సామాను చదివితే కంబళ్లు, బొంతలు, మంచం చుట్టూ తెరలు, తలుపులకు తెరలు, కిటికీలకు తెరలు... చదువుతుంటేనే వణుకు పుడుతుంది. అదే గదిలో పెట్టెల మీద పెట్టెలు, రాసుకునే బల్లలు. దేశంలోకెల్లా పేరున్న అద్దాల మేడలో ఆ ముసలావిడ దుప్పట్లలో మునిగి కూర్చుని లెక్కలు చూసుకుందన్నమాట.

తలుపు తీస్తే...

ఇంటి ప్లాను గీసింది రాబర్ట్ స్మిత్సన్ అని నిపుణులు చెబుతారు. రాతి మేస్త్రీగా మొదలై లాంగ్‌లీట్, వోలటన్ వంటి పెద్ద భవనాలకు పనిచేసిన మనిషి. ప్లాను ఎవరిదైనా, ఏ గది ఎక్కడ రావాలో తేల్చింది బెస్ అనిపిస్తుంది. అప్పటికే ఒక భవనం కట్టించి, ఇంకోటి సగంలో ఉంచి, మూడోది మొదలుపెట్టిన మనిషికి ఎవరు నేర్పాలి?

అంతకు ముందు ఇంగ్లండ్ పెద్దిళ్లలో ముఖద్వారం ఓ పక్కకు ఉండేది. లోపలికి వెళ్లి పక్కకు తిరిగితే ఇంటికి అడ్డంగా పెద్ద హాలు. హార్డ్‌విక్‌లో ద్వారం సరిగ్గా నడిమధ్యన. తలుపు తీయగానే హాలు ఎదురుగా, నిలువునా లోపలికి సాగిపోతుంది. చిన్న మార్పే అనిపిస్తుంది కానీ, అప్పటి ఇంగ్లండ్‌లో ఇది కొత్త. పూర్వం యజమాని, పరివారం అంతా ఒకే హాల్లో భోంచేసేవారు. ఆ రోజులు అప్పటికే పోతున్నాయి. హాలు నౌకర్లకీ, వచ్చేపోయేవాళ్లకీ మిగిలింది. దొరలు పై అంతస్తుకు వెళ్లిపోయారు.

పైకి వెళ్లే రాతి మెట్ల దారి ఈ ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. ఒకచోట మొదలై నిలువుగా పైకి పోదు. వెడల్పుగా, తాపీగా, మలుపులు తిరుగుతూ, చీకట్లోంచి వెలుగులోకి ఇల్లంతా చుట్టబెట్టి పైకి తీసుకెళ్తుంది. పండగ రోజున కింది వంటింట్లోంచి పళ్లాలు పట్టుకుని నౌకర్లు ఊరేగింపుగా ఈ మెట్లన్నీ ఎక్కి పై గదికి చేర్చాలి. లాంఛనం బాగానే ఉంది... కూర వేడిగా ఉండి ఉంటుందంటారా?

మెట్ల చివర ఉన్నదే 'హై గ్రేట్ ఛాంబర్'. గోడ పైభాగమంతా చుట్టూ సున్నపు గారతో చేసిన అడవి. చెట్లు, లేళ్లు, వేటగాళ్లు, మధ్యలో వేటదేవత డయానా. అబ్రహాం స్మిత్ అనే గార పనివాడి చేతి చలవ. మొదట్లో రంగులు ధగధగలాడేవి, ఇప్పుడు వెలిసి మెత్తబడ్డాయి. కింది సగం గోడకు యులిసిస్ కథ బొమ్మలుగా నేసిన బ్రసెల్స్ తెరలు. బెస్ వాటిని 1587లోనే కొనిపెట్టుకుంది. అంటే తెరల కొలత చూసుకుని తర్వాత గది కట్టించిందన్నమాట! చీర కొన్నాక దానికి సరిపోయే జాకెట్టు కుట్టించుకోవడం మనకు తెలుసు. కర్టెన్లు కొన్నాక వాటికి సరిపోయే ఇల్లు కట్టించుకున్న ఆడది ఈమే కాబోలు.

పక్కనే లాంగ్ గ్యాలరీ. పొడవు నూట అరవై అడుగుల పైమాటే. వానరోజుల్లో ఆడవాళ్లు బయటికి వెళ్లలేనప్పుడు అటూ ఇటూ నడవడానికి ఇలాంటి గ్యాలరీలు కట్టేవారు. దీని గోడకు బైబిల్లోని గిడియన్ కథ నేసిన పదమూడు తెరలు వేలాడతాయి. ఒక్కోటి దాదాపు ఇరవై అడుగుల ఎత్తు. వీటిని సర్ క్రిస్టఫర్ హాటన్ అనే పెద్దమనిషి చేయించుకున్నాడు. ఆయన అప్పులు మిగిల్చి పోతే 1592లో బెస్ కొంది. వాటి మీద హాటన్ వంశం ముద్రలున్నాయి. "వీటిని మార్పించుకోవాలి, ఖర్చవుతుంది" అని తెరకు ఐదు పౌండ్ల చొప్పున ధర తగ్గించుకుంది. తర్వాత చేసిందేమిటి? కొత్తగా నేయించలేదు. బట్ట ముక్కల మీద తన ముద్ర రంగులతో వేయించి, పాతదాని మీద కుట్టించేసింది. హాటన్ ముద్రలోని ఆడలేడికి కొమ్ములు తగిలిస్తే కావెండిష్‌ల మగలేడి తయారు. బేరం ఆడడంలో మన కోఠీ సుల్తాన్‌బజార్ ఆడవాళ్లకు ఏమాత్రం తీసిపోదు!

గుడ్డ పేలికల్లో రాణులు

హార్డ్‌విక్‌లో రాయి, గాజు ఎంతున్నాయో గుడ్డ కూడా అంతుంది. బెస్‌కు సూది పట్టడం చేతనవును. స్కాట్లండ్ రాణి మేరీ తమ కాపలాలో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని కుట్టుకున్నారు. ఒకరు ఖైదీ, ఒకరు కాపలాదారు భార్య. మధ్యలో దారపు ఉండలు. (హార్డ్‌విక్‌లో 'మేరీ రాణి గది' అని ఒకటుంది. నిజానికి ఈ ఇంటి పునాది పడేనాటికి మేరీ లేదు. 1587లోనే తల నరికేశారు.)

చాట్స్‌వర్త్‌లో ఉండగా 1570లలో చేయించిన పెద్ద గోడ తెరలు చూడదగ్గవి. పాత చర్చిల్లో ఫాదరీలు వేసుకున్న జరీ, మఖమలు అంగరఖాలు కత్తిరించి, ముక్కల్ని అతికి, పూర్వకాలపు స్త్రీలను బొమ్మలుగా కుట్టారు. పెనెలోపి, లుక్రీషియా, జెనోబియా, ఆర్టెమీసియా, క్లియోపాత్ర. ఇందులో క్లియోపాత్ర తెర పోయింది, తక్కిన నాలుగూ ఉన్నాయి. అందరూ రాణులో, వీరవనితలో, పంతం పట్టిన ఇల్లాళ్లో. పెనెలోపి అంటే ఊరెళ్లిన భర్త యులిసిస్ కోసం ఇరవై ఏళ్లు ఇల్లు కాపాడుకున్నావిడ. ఆవిడకు రెండు పక్కలా ఓర్పు, పట్టుదల ఆడరూపాల్లో నిలబడి ఉంటాయి. పై గదిలో యులిసిస్ తెరలు వేలాడదీయడంలో కూడా బెస్ మనసు కనిపిస్తుంది. కాకపోతే పెనెలోపి భర్త తిరిగొచ్చాడు. ఈవిడ భర్త కోర్టు దావాలతో వచ్చాడు.

మనవరాలికి అదే జైలు

ఈ కథ ఇక్కడితో ఆపేస్తే బెస్‌ను ఉత్త వీరవనితను చేసినట్టవుతుంది. అది సబబు కాదు. అదే ఇంట్లో ఒక ఆడపిల్ల ఉసురు కూడా ఉంది.

బెస్ కూతురు ఒకామె స్టూవర్ట్ రాజవంశం కుర్రవాణ్ని పెళ్లాడి, 1575లో ఆర్బెల్లా అనే పాపను కంది. రాజరక్తం కాబట్టి ఇంగ్లండ్ సింహాసనానికి ఆమెకూ హక్కుంది. తండ్రి, తల్లి ఇద్దరూ పోవడంతో పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరిగింది. రాణి అనుమతి లేకుండా ఎవరితో పెళ్లి చేసినా రాజద్రోహమే. దాంతో పాతికేళ్లు దాటినా పెళ్లి లేదు, బయటికి పంపడం లేదు, అమ్మమ్మ కళ్లు దాటి అడుగు తీసి అడుగు వేయడానికి లేదు. 1602 చివర్లో ఆ పిల్ల తనే తెగించి ఒక పెద్దింటికి పెళ్లి కబురు పంపింది. అది కాస్తా రాణి చెవిన పడింది. 1603 జనవరిలో రాణిగారి మనిషి హార్డ్‌విక్‌కు వచ్చాడు. లాంగ్ గ్యాలరీలోనే ఆర్బెల్లాను అమ్మమ్మకు వినపడనంత దూరం తీసుకెళ్లి విచారించాడు. ఇంత పొడుగు గది కట్టించినందుకు ఆ ముసలావిడ ఆ రోజు ఎంత విసుక్కుందో!

ఆ తర్వాత బెస్ మనవరాలిని వీలునామాలోంచి తీసేసింది. ఆర్బెల్లా ఆ ఇంట్లోంచి బయటపడింది కానీ, 1610లో రహస్యంగా పెళ్లాడి, మరుసటి ఏడు మగవేషంలో పారిపోబోయి దొరికిపోయి, 1615లో లండన్ టవర్ జైల్లో కన్నుమూసింది. అన్నివైపులా వెలుగొచ్చే ఇల్లే. పడమటి కిటికీ దగ్గర నిలబడితే లోయంతా కనిపిస్తుంది. చూడ్డం తప్ప ఏమీ చేయలేని పిల్లకు ఆ గాజు ఎలా అనిపించిందో! చట్టం తన చేతులు కట్టేసినప్పుడు ఎదురు తిరిగిన ఆడదే, మనవరాలి దగ్గరకొచ్చేసరికి తాళంచెవి తన నడుముకు దోపుకుంది.

బెస్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఇళ్లు కట్టిస్తున్నంత కాలం ఆమెకు చావు లేదని ఎవరో జోస్యం చెప్పారట. 1608 శీతకాలంలో గడ్డకట్టే చలికి సున్నం కలవక మేస్త్రీలు పని ఆపేశారట. వేడినీళ్లు పోసి కలపమన్నా కుదరలేదట... ఆమె పోయిందట. కథ సంగతి ఎలా ఉన్నా, ఫిబ్రవరి 13న ఆమె చనిపోయిన మాట నిజం. తన సమాధి కూడా తనే ముందుగా చేయించి పెట్టుకుంది, డెర్బీలో. మేస్త్రీలను నమ్మని మనిషి, వారసుల్ని మాత్రం నమ్ముతుందా!

సూదితో కాపాడిన ఇల్లు

వీలునామాలో ఇంకో మాట రాసింది. ఇంట్లోని గోడ తెరలు, సామాను తడికీ చిమ్మటకీ పాడైపోకుండా చూసుకోవాలని వారసులకు కట్టడి. అది చాలావరకు చెల్లింది. కారణం భక్తి కాదు, నిర్లక్ష్యమే! ఆమె సంతతి డెవన్‌షైర్ డ్యూకులై చాట్స్‌వర్త్‌లో స్థిరపడ్డారు. హార్డ్‌విక్‌ను అప్పుడప్పుడూ వచ్చిపోయే రెండో ఇంటిగా వదిలేశారు. కొత్త ఫ్యాషన్ వచ్చినప్పుడల్లా చాట్స్‌వర్త్ రూపు మారింది. హార్డ్‌విక్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అందుకే నాలుగువందల ఏళ్ల నాటి గచ్చు అడవి ఇంకా ఆ గోడ మీదే ఉంది.

ఆ ఇంట్లో చివరగా కాపురమున్నది కూడా ఒక పెద్దావిడే. తొమ్మిదో డ్యూక్ భార్య ఎవెలిన్. భర్త పోయాక ఇక్కడ ఉంటూ, చిరిగిన తెరల్ని ముందేసుకుని తన చేత్తో కుట్టి బాగుచేసింది. 1950లో పదో డ్యూక్ చనిపోయినప్పుడు మరణ పన్ను భారీగా పడింది. పన్ను కింద ఇంటిని ప్రభుత్వానికి ఇచ్చేయగా, 1959లో అది నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది. 1960లో ఎవెలిన్ కన్నుమూసింది. 2010లో వచ్చిన హ్యారీపోటర్ సినిమా చూసినవాళ్లకు ఈ భవనం కొత్త కాదు. దుర్మార్గుల మేడగా చూపించిన మాల్ఫాయ్ ఇంటి బయటి రూపం దీనిదే.

ఆ గిడియన్ తెరల మీద నాలుగువందల ఏళ్ల మసి, పొగ పేరుకున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా దించి, బెల్జియం పంపి కడిగించి, తిరిగి తెచ్చి, వెనక గుడ్డ వేసి సన్నటి కుట్లతో బలం పోశారు. పదమూడు తెరలకు ఇరవై నాలుగేళ్లు పట్టింది. చివరి తెర 2023లో లాంగ్ గ్యాలరీ గోడ మీదికి ఎక్కింది.